థ కడుపులో చుక్క: ఉచిత ఫాంట్లు, అక్షరాల డిజైన్ పరికరాలను తరగతిలో వాడడం ఎలా?

తరగతి గోడకు ఒకసారి ‘కథల మూల’ అని పెద్ద చార్టు చేసి అతికించాను. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన ఫాంటు. అసలే ముచ్చటగా ఉంది, బోల్డ్ నొక్కితే ఇంకా నిండుగా కనిపించింది. వారం తిరిగేసరికి నోటు పుస్తకాల్లో ‘కధ’ కనబడడం మొదలైంది. ఎర్ర పెన్నుతో దిద్దుతుంటే ఒక అమ్మాయి లేచి, “గోడ మీద కూడా అలాగే ఉంది టీచర్” అంది. దగ్గరికి వెళ్లి చూస్తే నిజమే. థ కడుపులో ఉండాల్సిన చుక్క లావెక్కిన గీతల్లో కలిసిపోయింది. తప్పు రాసింది నేను, దిద్దించుకుంటున్నది పిల్లలు.

ఉచిత పరికరాలు ఇప్పుడు కొల్లలు. స్థూలంగా మూడు రకాలు. గూగుల్ ఫాంట్స్ లాంటి ఫాంట్ల భాండాగారాలు ఒక రకం. అక్షరాలనూ బొమ్మలనూ కలిపి పేజీగా పేర్చే గూగుల్ స్లైడ్స్, కాన్వా, ఫోటోపీ లాంటివి రెండో రకం. మూడో రకం ఒక్క పనే చేసే చిన్న పరికరాలు: వర్డ్ క్లౌడ్ తయారు చేసేవి, చేతిరాతను ఫాంటుగా మార్చేవి, గళ్ల మీద ఇటుకలు పేర్చినట్టు అక్షరం కట్టించేవి. ఇవన్నీ బ్రౌజర్‌లోనే నడుస్తాయి, కంప్యూటర్‌లో ఏదీ ఎక్కించనక్కర లేదు. మీరు ఇంతవరకు వీటి జోలికి వెళ్లకపోతే స్లైడ్స్‌తో మొదలుపెట్టండి. అందులో ‘పేజీ సెటప్’కి వెళ్లి కొలతలను 29.7, 42 సెంటీమీటర్లుగా మారిస్తే అదే ఏ3 పోస్టరు అవుతుంది. చార్టుకైనా ఫ్లాష్ కార్డుకైనా అంతకు మించిన సరంజామా అక్కర లేదు. నేను నేటికీ సగం పని అక్కడే కానిస్తాను.

ముందు దూరం కొలవండి

పరికరం తెరవకముందే, ఆ అక్షరాన్ని ఎవరు, ఎంత దూరం నుంచి చదవాలో తేల్చుకోవాలి. గోడ చార్టు, ప్రొజెక్టర్ తెర, చేతిలో పట్టుకునే వర్క్‌షీట్ మూడూ మూడు లోకాలు. ఒకదానికి చేసిన డిజైన్‌ను పెంచో తగ్గించో ఇంకోదానికి వాడితే ఎక్కడో ఒకచోట దెబ్బ తింటుంది.

బోర్డులు రాసేవారి పాత లెక్క ఒకటుంది: హాయిగా చదవాలంటే ప్రతి పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం. కంప్యూటర్‌లో 72 పాయింట్లు ఒక అంగుళం. అలాగని 72 పాయింట్లు పెట్టగానే అంగుళం ఎత్తు తెలుగు అక్షరం రాదు. ఆ అంగుళంలోనే పైన గుడికి, ఏత్వానికి, కింద వత్తుకు కూడా చోటు పోవాలి. అసలు అక్షరానికి మిగిలేది చాలా ఫాంట్లలో దాదాపు సగం. అందుకే పక్కపక్కన ఒకే సైజులో పెట్టినా ఇంగ్లీషు కంటే తెలుగు చిన్నగా కనిపిస్తుంది.

ఈ లెక్కన 30 అడుగుల గదిలో చివరి వరుసకు హాయిగా కనిపించాలంటే మూడు అంగుళాల అక్షరం, అంటే దాదాపు 430 పాయింట్లు కావాలి. అంత పెద్ద అక్షరాలు ఏ3 కాగితం మీద నాలుగైదుకు మించి పట్టవు. కాబట్టి దూరం నుంచి చదవాల్సిన శీర్షికను కాగితానికి ఒక మాట చొప్పున అచ్చు వేసి వరుసగా అతికించడమే మార్గం. చార్టులోని మిగతా విషయం దగ్గరికి వచ్చి చదివేది అని ముందే ఒప్పుకోండి. మొత్తం చార్టు చివరి బెంచీకి కనిపించాలని పట్టుబడితే ఎవరికీ కనిపించని చార్టు తయారవుతుంది.

ప్రొజెక్టర్‌కు ఒక చిట్కా. స్లైడ్స్‌లో ఎడమ పక్కన చిన్న చిన్న నమూనా పేజీలు కనిపిస్తాయి కదా, ఆ చిన్న బొమ్మలో మీరు చదవగలిగితే వెనక కూర్చున్నవారు తెర మీద చదవగలరు. ఇది శాస్త్రం కాదు, అనుభవం. తెలుగు స్లైడ్‌లో 28 పాయింట్ల కంటే తగ్గాల్సి వస్తోందంటే అక్షరాన్ని చిన్నది చేయకండి, మాటలు తగ్గించండి.

పరికరానికి ఒక పరీక్ష పెట్టండి

ఇంగ్లీషు కోసం తయారైన పరికరాలు చాలావరకు తెలుగును సగమే అర్థం చేసుకుంటాయి. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఉంది. అయితే యూనికోడ్ చేసేది అక్షరాలకు సంఖ్యలు ఇవ్వడం వరకే. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని వరుసగా వచ్చిన ఆరు సంకేతాలను కలిపి ‘స్త్రీ’ అనే ఒక్క ముద్దగా గీయాల్సిన బాధ్యత ఫాంటుదీ, పరికరానిదీ. ఈ ఇద్దరిలో ఎవరు చేతులెత్తేసినా వత్తులు విడిపోతాయి.

అందుకని కొత్త పరికరం ఏది తెరిచినా మొదట ఈ పంక్తిని అతికించి చూడండి:

స్త్రీ, స్వాతంత్ర్యం, లక్ష్మి, జ్ఞానం, కృషి, మైదానం, దుఃఖం, సూర్యుడు, సాఫ్ట్‌వేర్, థ ధ, ఫ ష, ఘ ఝ, మ య

స్త్రీలో త, ర రెండూ వత్తులుగా స కిందకు చేరాలి. పొల్లులతో మూడు ముక్కలుగా నిలబడితే ఆ పరికరానికి తెలుగు రాదు, వెంటనే మూసేయండి. బతిమాలి ప్రయోజనం లేదు. ‘మై’లో ఐత్వానికి రెండు భాగాలుంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. కొన్నిచోట్ల కింది భాగం పక్కకు జరిగి, అనాథలా వేలాడుతుంది. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తరువాత కంటికి కనబడని ఒక సంకేతం ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, పని ఏమిటంటే వ వచ్చి ట కింద వత్తుగా చేరకుండా ఆపడం. పరికరం దాన్ని మింగేస్తే మాట ‘సాఫ్ట్వేర్’గా మారుతుంది. ఎక్కడైనా చుక్కల వలయం కనిపిస్తే గుణింతపు గుర్తు ఆనుకోవడానికి హల్లు దొరకలేదని అర్థం. అది సాధారణంగా మన టైపింగ్ తప్పే, ఒక గుర్తును రెండుసార్లు కొట్టి ఉంటాం. ఖాళీ డబ్బాలు వరుసగా కనిపిస్తే ఫాంటులో తెలుగే లేదు. ఆ డబ్బాలను ఫాంట్లవాళ్లు ‘టోఫు’ అంటారు. అవి ఎక్కడా కనబడకూడదన్న పట్టుదలతో మొదలైన ఫాంట్ల కుటుంబానికే గూగుల్ ‘నోటో’ అని పేరు పెట్టింది, ‘నో టోఫు’ అన్నమాట.

చివరి నాలుగు జంటలు పిల్లల కోసం. థకూ ధకూ తేడా ఒక్క చుక్క. ఫకూ షకూ తేడా చిన్న గీత. పెద్దవాళ్లం మాటను సందర్భాన్ని బట్టి చదివేస్తాం, అక్షరం అక్షరం చూడం. కొత్తగా చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు ఆ సౌకర్యం లేదు. వాళ్లకు చుక్కే ఆధారం.

పాత ప్రశ్నపత్రాలు, పాత పాఠాలు ఈ పరికరాల్లో అతికిస్తే పిచ్చి ఇంగ్లీషు గుర్తులుగా మారడం చాలామందికి అనుభవమే. డీటీపీ కోసం తయారైన పాత ఫాంట్లు యూనికోడ్ పాటించకుండా, ఇంగ్లీషు అక్షరాల చోట్ల తెలుగు రూపాలను కూర్చేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే ఉచిత కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వత్తులున్న మాటలన్నీ ఒకసారి కళ్లతో చదవాల్సిందే. ఏ కన్వర్టరూ ఆ పని తప్పించలేదు.

ఫాంటు ఎంచుకోవడం

గూగుల్ ఫాంట్స్‌లో భాషల జాబితాలో తెలుగు ఎంచుకుంటే తెలుగు ఉన్న ఫాంట్లే మిగులుతాయి. డాక్స్‌లో, స్లైడ్స్‌లో అయితే ఫాంట్ల జాబితా పైన ‘మరిన్ని ఫాంట్లు’ నొక్కి, లిపి దగ్గర తెలుగు ఎంచుకోండి. నచ్చినవి మీ జాబితాలోకి చేరతాయి.

ఆ జాబితా చదవడమే ఒక సరదా. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామభద్ర, తెనాలి రామకృష్ణ, మధ్యలో శ్రీకృష్ణదేవరాయలు. భువనవిజయం కొలువుదీరినట్టు ఉంటుంది. పక్కనే గిడుగు, గురజాడ, సురవరం. ఏడో తరగతి పిల్లలతో ఒకసారి ఈ జాబితా తెరిచి ‘వీళ్లెవరో కనుక్కోండి’ అన్నాను. ఆ రోజు నేను వేరే పాఠం చెప్పనవసరం లేకపోయింది.

పేర్లు గొప్పవని అన్నీ అన్నిటికీ పనికిరావు. నా వాడకం ఇలా ఉంటుంది. చదవాల్సిన పేరాలకు నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, మండలి. చిన్న తరగతుల ఫ్లాష్ కార్డులకు కొంచెం గుండ్రంగా, స్నేహంగా ఉండే బాలూ తమ్ముడు. దట్టమైన శీర్షికలకు రామభద్ర. ఏక్ టైప్ సంస్థ చేసిన అనేక్ తెలుగులో బాగా సన్నం నుంచి బాగా లావు దాకా మెట్లు మెట్లుగా రూపాలున్నాయి. ఒక్క ఫాంటుతోనే శీర్షిక, ఉపశీర్షిక, పేరా మూడూ నడపవచ్చు. ఒకే ఫాంటు ఎంచుకోమని ఎవరైనా అడిగితే నేను దాని పేరే చెబుతాను.

ఇప్పుడు నా చార్టు సంగతి. కవుల పేర్లున్న ఫాంట్లలో చాలావాటికి ఒకే మందం ఉంటుంది, విడిగా గీసిన బోల్డ్ రూపం ఉండదు. అలాంటి ఫాంటుకు బోల్డ్ నొక్కితే కంప్యూటర్ ఊరుకోదు, ఉన్న గీతలనే నలువైపులా ఉబ్బిస్తుంది. థలో చుక్క, ఢలో గీత, చిన్న చిన్న ఖాళీలు పూడుకుపోయేది అక్కడే. నిజమైన బోల్డ్ అంటే ఆ ఖాళీలు పోకుండా అక్షరాన్ని ఒక మనిషి మళ్లీ గీసింది. ఏది నిజం, ఏది ఉబ్బించింది అన్నది గూగుల్ ఫాంట్స్ పేజీలో ‘స్టైల్స్’ దగ్గర తెలిసిపోతుంది: ఒకే వరుస ఉంటే బోల్డ్ లేనట్టే. ఇటాలిక్ సంగతీ అంతే. తెలుగుకు వాలు రాత సంప్రదాయం లేదు, ఆ బటన్ అక్షరాన్ని పక్కకు తోసేస్తుంది. ఒత్తి చెప్పాల్సిన మాటకు రంగు మార్చండి, లేదా కొటేషన్ గుర్తుల్లో పెట్టండి.

ఇంగ్లీషు నేర్పేవారికి వేరే ఇబ్బంది. చాలా ఫాంట్లలో చిన్న ఏ, చిన్న జీ అక్షరాలు చేతితో రాసే తీరులో ఉండవు. ఎస్ఐఎల్ సంస్థ చేసిన ఆండికా ఫాంటు కొత్తగా చదివేవారి కోసమే పుట్టింది. స్వాహిలీలో ఆ మాటకు ‘రాయి’ అని అర్థం, రాయమని ఆజ్ఞ. క్యాపిటల్ ఐ, చిన్న ఎల్, ఒకటి అంకె మూడూ ఒకే నిలువు గీతలా కనిపించే ఫాంట్లు తరగతిలోకి రానివ్వకండి. అమెరికాలోని బ్రెయిలీ ఇన్‌స్టిట్యూట్ విడుదల చేసిన అట్కిన్సన్ హైపర్‌లెజిబుల్ ఇలాంటి పోలికలను విడదీయడానికే పుట్టింది, ఉచితం. చూపు తక్కువ ఉన్న పిల్లలుంటే దాన్ని ప్రయత్నించండి. డిస్లెక్సియా (అక్షరాలు పోల్చుకుని చదవడంలో ఉండే ఇబ్బంది) కోసమని ప్రచారంలో ఉన్న ప్రత్యేక ఫాంట్ల మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకండి. చదివే వేగం, తప్పులు వాటివల్ల మెరుగుపడతాయని పరిశోధనల్లో నిలకడగా తేలలేదు. పెద్ద అక్షరం, వరుసల మధ్య చాలినంత ఎడం, చిన్న పేరాలు: వీటినే ముందు సరిచేయండి. ఒక విద్యార్థికి ఫలానా ఫాంటు హాయిగా ఉందంటే అదే ఇవ్వండి, అడ్డు చెప్పడానికి కారణం లేదు.

పేజీ మీద పరచడం

ఇక్కడ చేయాల్సినవి తక్కువే, కానీ చేయనివాళ్లే ఎక్కువ. వరుసల మధ్య ఎడాన్ని కనీసం 1.5 చేయండి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే మీటను తెలుగుకు ముట్టుకోకపోవడం మంచిది. కొన్ని పరికరాలు అక్షరం నుంచి వత్తును కూడా ఎడం చేస్తాయి. అర్ధచంద్రాకారంగా వంచే ‘కర్వ్’ సదుపాయమూ అంతే, వంపు వెంట ముక్కలు చెల్లాచెదురవుతాయి. వంపే కావాలంటే ఒక్కో అక్షరాన్ని విడి పెట్టెలో రాసి చేతితో తిప్పుకోండి.

రంగుల విషయంలో కళ్లను నమ్మకండి, కొలవండి. వెబ్ అందుబాటు ప్రమాణాల ప్రకారం అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వ్యత్యాసం మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. వెబ్‌ఎయిమ్ వారి ఉచిత కాంట్రాస్ట్ చెకర్‌లో రెండు రంగుల సంకేతాలు ఇస్తే నిష్పత్తి చెప్పేస్తుంది. తెల్లని నేల మీద పసుపు, లేత ఆకుపచ్చ కంప్యూటర్ తెర మీద బాగానే ఉండి, ప్రొజెక్టర్ వెలుగులో ఆవిరైపోతాయి. సరైన జవాబు ఆకుపచ్చ, తప్పు జవాబు ఎరుపు అని రంగుతోనే చెప్పడం కూడా వద్దు. ఆ రెండు రంగుల తేడా పోల్చలేని పిల్లలు చాలా తరగతుల్లో ఒకరిద్దరు ఉంటారు, చాలాసార్లు ఆ సంగతి వాళ్లకే తెలియదు. పక్కన ఒక టిక్కు, ఒక ఇంటూ గుర్తు పెడితే సరిపోతుంది.

ఒక పేజీకి రెండు ఫాంట్లు. మూడోది కావాలనిపిస్తే ఆ మూడోదాన్ని ఎందుకు తెచ్చారో ఒక వాక్యంలో చెప్పుకోండి. చెప్పలేకపోతే తీసేయండి.

దిద్దడానికి అక్షరాలు

ఇంగ్లీషుకు చుక్కల ఫాంట్లు కోకొల్లలు. తెలుగుకు వాటి కోసం వెతుకుతూ కాలం పోగొట్టకండి. స్లైడ్స్‌లో ఏ4 పేజీ తెరిచి, నోటో సాన్స్ తెలుగులో అక్షరాన్ని 150 పాయింట్లకు పెంచి, రంగును లేత బూడిదకు మార్చండి. పిల్లలు దాని మీద పెన్సిల్‌తో దిద్దవచ్చు. ఒకే వరుసలో మొదటి అక్షరం ముదురుగా, తరువాతివి క్రమంగా లేతగా, చివరిచోట ఖాళీగా వదిలితే దిద్దడం నుంచి రాయడానికి మెల్లగా జారుకుంటారు.

ఇందులో ఫాంటు చేయలేని పని ఒకటుంది. అచ్చు అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో చెప్పదు. తెలుగు అక్షరాల్లో దాదాపు అన్నీ సున్నలూ మలుపులే కాబట్టి, చేయి ఎటు తిరగాలన్నదే అసలు పాఠం. మొదలయ్యే చోట ఎర్ర చుక్క, తిరిగే దిక్కుకు చిన్న బాణం గుర్తు, తలకట్టు విడిగా పెట్టాల్సినచోట ‘2’ అని అంకె వేయండి. ఆకారాల పట్టీలో బాణం గుర్తు దొరుకుతుంది. అక్షరానికి ఒకసారి ఈ శ్రమ పడితే ఆ స్లైడ్‌ను ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. వర్ణమాల మొత్తం నాకు మూడు సాయంత్రాలు పట్టింది.

పిల్లల చేతికి ఇచ్చినప్పుడు

ఇంతవరకూ టీచరు పని. పిల్లలకు ఇస్తే ఈ పరికరాల రుచి వేరు. అయితే ‘పోస్టరు చేయండి’ అని వదిలేస్తే పీరియడ్ మొత్తం ఫాంట్ల జాబితాను పైకీ కిందికీ దొర్లించడంలో పోతుంది. నాకు ఒకసారి పోయింది. అందుకే హద్దులు ముందే చెబుతాను: రెండు ఫాంట్లు, రెండు రంగులు, 20 నిమిషాలు. మాటలు ముందు కాగితం మీద రాసి చూపించాకే కంప్యూటర్.

మొదటి రోజు పనికి ఒకే మాట చాలు. ‘నిశ్శబ్దం’ అనే మాటను ఐదు ఫాంట్లలో ఒకదాని కింద ఒకటి పెట్టమనండి. రామభద్రలో పెట్టిన నిశ్శబ్దం అరుస్తున్నట్టు ఉంటుంది, సన్నని చతురలో అదే మాట గుసగుసలాడుతుంది. ‘ఉరుము’తో మళ్లీ చేయించండి. ఏది ఎందుకు నప్పిందో రెండు వాక్యాలు రాయాలి. ‘బాగుంది’ అనే మాట వాడకూడదని షరతు పెట్టండి. ఆ ఒక్క షరతుతో పిల్లల వాక్యాలు మారిపోతాయి: లావుగా ఉంది, మూలలు పదునుగా ఉన్నాయి, అక్షరాల మధ్య ఊపిరాడడం లేదు.

రెండో పని మాటతో బొమ్మ. ‘మెట్లు’ అనే మాట మెట్లెక్కాలి, ‘వాలు’ వాలాలి, ‘విద్యార్థి’ వరుసలో నిలబడాలి. దీనికి ప్రతి అక్షరాన్నీ విడి పెట్టెలో పెట్టుకోవాలి. అక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. ‘విద్యార్థి’లో ఎన్ని పెట్టెలు? కొందరు వి, ద, యా, ర, థి అని ఐదు చేస్తారు. కొందరు వత్తును ఒక్కదాన్నే పెట్టెలో పెట్టబోతే చుక్కల వలయమో, పూర్తి అక్షరమో ప్రత్యక్షమవుతుంది. చివరికి వి, ద్యా, ర్థి అని మూడు అక్షరాలని వాళ్లే తేలుస్తారు. సంయుక్తాక్షరం అంటే ఏమిటో నల్లబల్ల మీద నేను చెప్పినన్ని సార్లు ఎన్నడూ ఇంత సులువుగా ఎక్కలేదు. పద్యానికి గణవిభజన నేర్పేటప్పుడు ఆ పెట్టెల్నే మళ్లీ తెరిపించవచ్చు.

మూడో పని మరమ్మతు. చదవడానికి వీల్లేని పోస్టరు ఒకటి మీరే తయారు చేసి ఇవ్వండి: ఐదు ఫాంట్లు, పసుపు మీద తెలుపు, ఉబ్బించిన బోల్డ్, ఒకదాని మీద ఒకటి ఎక్కిన వరుసలు. బాగుచేసి, చేసిన ప్రతి మార్పుకూ కారణం రాయాలి. నేనైతే ప్రత్యేకంగా తయారు చేయలేదు, నా ‘కథల మూల’ చార్టునే ఇచ్చాను.

వర్డ్ క్లౌడ్ చాలామందికి ఇష్టం. ఒక పాఠాన్ని అతికిస్తే ఎక్కువసార్లు వచ్చిన మాటలు పెద్దగా కనిపిస్తాయి. తెలుగులో ఒక మెలిక ఉంది. చెట్టు, చెట్టుకు, చెట్టుమీద, చెట్లు అన్నవి యంత్రానికి నాలుగు వేరువేరు మాటలు. చెట్ల గురించిన పాఠంలో చెట్టు చిన్నగా, ‘అని’, ‘కూడా’ పెద్దగా వస్తాయి. కాబట్టి పాఠాన్ని నేరుగా అతికించకుండా, పిల్లలనే ముఖ్యమైన మాటలు ఏరి ప్రథమా విభక్తిలోకి మార్చమనండి. క్లౌడ్ తయారు కావడానికి ముందు జరిగే ఆ ఏరివేతే పాఠం. క్లౌడ్ వచ్చాక పది క్షణాలు చూసి మురిసిపోవడం తప్ప చేయడానికి ఏమీ ఉండదు. తెలుగు ఫాంటు ఎంచుకునే వీలు ఆ పరికరంలో ఉందో లేదో ముందే పరీక్ష పంక్తితో చూసుకోండి.

పెద్ద తరగతుల్లో ఫాంటే తయారు చేయవచ్చు. ఫాంట్‌స్ట్రక్ట్‌లో గళ్ల మీద ఇటుకలు పేర్చి అక్షరాలు కడతారు. 2008 నుంచి నడుస్తోంది, ఉచితం. కాలిగ్రఫర్ అనే పరికరంలో ఒక పత్రాన్ని అచ్చు తీసి, గళ్లలో చేతితో రాసి, ఫోటో తీసి ఎక్కిస్తే మీ రాతే ఫాంటుగా వస్తుంది. ఉచిత ఖాతాలో 75 అక్షరాల హద్దు ఉంది. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగుకు ఎందుకు చాలదో పిల్లల చేతనే లెక్క కట్టించండి: హల్లులు, ఒక్కోదానికి గుణింతాలు, మళ్లీ వత్తులు. లెక్క వందల్లోకి వెళ్లాక తెలుగు ఫాంటు తయారు చేసేవారి ఓర్పు తెలిసివస్తుంది. సంతకాన్ని మాత్రం ఎవరూ అందులోకి ఎక్కించకుండా చూడండి.

ఖాతాల గురించి ఒక మాట. చాలా సేవలు 13 ఏళ్ల లోపు పిల్లలకు సొంతంగా ఖాతా తెరవనివ్వవు. చిన్న తరగతులకు మీ ఖాతాలోనే, మీ ఎదుటే పని జరగాలి. పిల్లల పూర్తి పేర్లు, ఫోటోలు డిజైన్లలో పెట్టవద్దు. బడుల టీచర్లకు కాన్వా ఉచిత విద్యా ఖాతా ఇస్తుంది, టీచరేనని నిరూపించే పత్రం ఎక్కించాలి.

అలంకార అక్షరాల మోసం

పిల్లలు ఎక్కడినుంచో తెచ్చే సరకు ఒకటుంది: మామూలు ఇంగ్లీషు మాటను ఇస్తే గిరజాల అక్షరాలుగా, డబుల్ గీతల అక్షరాలుగా మార్చి ఇచ్చే పరికరాలు. ఎక్కడ అతికించినా ఆ వయ్యారం పోదు. కారణం, అది ఫాంటు కానే కాదు. యూనికోడ్‌లో గణిత సమీకరణాల కోసం కేటాయించిన వేరే అక్షరాలు అవి. చూపులేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ వాటిని ‘మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్’ అంటూ ఒక్కో అక్షరానికీ బిరుదు చదువుతుంది, లేదా మౌనంగా దాటిపోతుంది. అలా రాసిన మాటలు వెతికితే చాలాచోట్ల దొరకవు. తెలుగుకు ఇలాంటివి లేవు, అదృష్టమనే అనాలి. కంప్యూటర్ పాఠంలో అక్షరానికీ దాని రూపానికీ తేడా చెప్పడానికి వీటిని ఒక్కసారి చూపించి పక్కన పెట్టండి.

దాచడం, పంచడం

అచ్చుకు పంపాలంటే పీడీఎఫ్‌గా దించుకోండి. ఫాంటు అందులోనే ఇమిడిపోతుంది. వర్డ్ ఫైలు పంపితే అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేనప్పుడు ఇంకోటి వచ్చి కూర్చుంటుంది, వరుసలన్నీ జరిగిపోతాయి. ఫోనులో పంచడానికి పీఎన్‌జీ బొమ్మ మంచిది, జేపీజీలో అక్షరాల అంచులు మసకబారతాయి. అయితే బొమ్మలోని మాటలు స్క్రీన్ రీడర్‌కు వినిపించవు. కాబట్టి అదే విషయాన్ని కింద మామూలు అక్షరాల్లో కూడా టైపు చేసి పంపండి. మార్పులు చేయగలిగే అసలు ఫైలును విడిగా దాచుకోండి, వచ్చే ఏడాది మీకే కావాలి.

‘ఉచితం’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. గూగుల్ ఫాంట్స్‌లోని తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వస్తాయి: వాడుకోవచ్చు, పంచవచ్చు, మార్చవచ్చు, వాటితో చేసిన పుస్తకం అమ్ముకోవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు. ఇతర చోట్ల దొరికే ఎన్నో ఫాంట్ల కింద ‘సొంత వాడకానికి మాత్రమే’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. తరగతి గోడ మీద ఎవరూ అడగరు. అదే ఫాంటుతో బడి పత్రికో, అమ్మే పుస్తకమో వేస్తే అడుగుతారు.

ఇక అతికించే ముందు చివరి పని. చార్టును గోడకు టేపుతో తాత్కాలికంగా ఆనించి, చివరి వరుసలో కూర్చునే విద్యార్థినొకరిని లేచి బిగ్గరగా చదవమనండి. తరువాత అదే విద్యార్థి ఆ మాటలను చూస్తూ నోటు పుస్తకంలో రాయాలి. చదవడంలో ఊహ సాయపడుతుంది, చూసి రాయడంలో సాయపడదు. రాసినదాన్ని మీ అసలు ఫైలుతో పోల్చండి. థలో చుక్క, ఢలో గీత, ష్ట్రలో రెండు వత్తులూ కాగితం మీదికి వచ్చి ఉంటే అప్పుడు నాలుగు మూలలకూ జిగురు రాయండి.